తిరిగొచ్చిన మనిషి ముఖం: యుద్ధానంతర జర్మన్ సినిమాలో యూదులు, ధర్మాబాద్ నుంచి ఒక పరిశీలన

ఊచకోత తప్పించుకున్న మనిషి మళ్లీ అదే వీధిలో, అదే ఇరుగుపొరుగు మధ్య ఎలా బతుకుతాడు? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో వచ్చిన సినిమాలను ఈ ప్రశ్నతోనే చూస్తున్నాను.

వోల్ఫ్‌గాంగ్ స్టౌటె 1946లో తీసిన ‘హంతకులు మన మధ్యే ఉన్నారు’లో సుసానె నిర్బంధ శిబిరం నుంచి శిథిల బెర్లిన్‌కు తిరిగొస్తుంది. కథ మాత్రం ఆమె ఇంట్లో చేరిన సైనిక వైద్యుడిది. ఆమె ఇల్లు సర్దుతుంది, అతన్ని మనిషిని చేస్తుంది. శిబిరంలో ఏం జరిగిందని ఆమెను అడిగేవారు లేరు. లక్షలమందిని గ్యాసుతో చంపారన్న వార్త ఇందులో రొట్టె చుట్టిన పత్రికలో కనిపిస్తుంది. తినేవాడు దానివైపు చూడనైనా చూడడు.

రెండేళ్లకు, 1948లో, బాధితులే కథ చెప్పుకున్నారు. ‘దారి దూరం’ సినిమాను లాండ్స్‌బెర్గ్ నిరాశ్రయుల శిబిరంలో తీశారు. కథానాయకుడు ఇజ్రాయెల్ బెకర్ రచనలోనూ పాలుపంచుకున్నాడు. యిడ్డిష్, పోలిష్, జర్మన్ మూడూ అందులో వినిపిస్తాయి. నా దృష్టిలో దాని బలమంతా ఆ భాషల్లోనే ఉంది. చాలా కాలం తర్వాత వచ్చిన పెట్‌జోల్డ్ ‘ఫీనిక్స్’ (2014)లో, శిబిరం నుంచి వచ్చిన భార్యను భర్త గుర్తుపట్టడు. ఆస్తి కోసం, ఆమెకు ఆమెలాగే నటించడం నేర్పుతాడు! చివరికి ఆమె పాడుతుంటే చేతిమీది శిబిరం నంబరు అతని కంటపడుతుంది.

ఇదే ప్రశ్న మా ప్రాంతానికీ వర్తిస్తుంది. ఆ 1948లోనే ఇక్కడ, సెప్టెంబరు 13–17 మధ్య పోలీసు చర్యతో నిజాం రాజ్యం ముగిసింది. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యం. ఆ తర్వాత ముస్లింలపై దాడులు. బాసర దాటగానే వచ్చే ధర్మాబాద్ నాందేడ్ జిల్లాలోది. ఆ హింసను విచారించడానికి వేసిన సుందర్‌లాల్ కమిటీ తీవ్రంగా దెబ్బతిన్నవిగా చెప్పిన నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి. రాజ్యం మొత్తంలో మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని కమిటీ అంచనా. ముస్లిం సాలెలను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న హిందూ సాలెల సంగతీ ఆ నివేదికలోనే ఉంది.

నాజీలు ఒక జాతిని తుడిచిపెట్టడానికి రాజ్యయంత్రాన్నే నడిపారు. దాన్నీ, 1948లో ఇక్కడ జరిగిన హింసనూ ఒకే గాటన కట్టడం తప్పు. కానీ మిగిలినవారి బతుకు గురించిన ప్రశ్న ఇక్కడా అదే. ‘మా భూమి’ (1979) రైతు పోరాటాన్ని చూపింది, ‘రజాకార్’ (2024) రజాకార్ల హింసను చూపింది. రెండూ అవసరమైన కథలే. పోలీసు చర్య తర్వాత ఒక మామూలు ముస్లిం ఇంటి గడప దాటి లోపలికి వెళ్లిన తెలుగు కథాచిత్రం మాత్రం నాకు కనబడలేదు. హిందీలో సత్యూ ‘గర్మ్ హవా’ (1973) ఆగ్రాలో అలాంటి ఒక ముస్లిం ఇంట్లోకి వెళ్లింది. ఇల్లు విడవలేక కట్టెల గదిలో దాక్కున్న ఆ ముసలమ్మను చూసినవారు మరచిపోలేరు.

అప్పటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు ప్రాంతాల యువకులు తెలుగు, మరాఠీ, దక్కనీ ఏ భాషలోనైనా సరే, రెండు వర్గాల పెద్దల మాటలనూ ఇప్పుడే రికార్డు చేయాలి.