పని చోట గాలిలో ఉండే ప్రమాదాన్ని గుర్తుపట్టడం ఎలా?

వెల్డింగ్ షాపు, కార్ల పెయింటింగ్, బ్యాటరీ రిపేరు, రాయి కోత... మన కుటుంబాల్లో చాలామందికి ఇవే బతుకుదెరువు. చేతికి దెబ్బ తగిలితే వెంటనే కనిపిస్తుంది. పీల్చే గాలితో వచ్చే జబ్బు అలా కనబడదు. "వాసన రావట్లేదు కదా, ఏం కాదులే" అనుకుంటేనే అసలు ముప్పు.

ముక్కును నమ్మొద్దు

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మూసిన షెడ్డులో జనరేటర్ నడిస్తే తలనొప్పి, మత్తుతో మొదలై ప్రాణమే పోవచ్చు. సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్లలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన గుడ్ల వాసన. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. లోపల ఎవరైనా పడిపోతే కాపాడదామని దిగకండి, 112కు ఫోన్ చేయండి. అలా దిగినవాళ్లు కూడా చనిపోయిన ఘటనలు ఎన్నో ఉన్నాయి.

ఏ పనిలో ఏముంటుంది?

• రాయి, గ్రానైట్ కోత: సిలికా దుమ్ము. కంటికి కనిపించనంత సన్నటి దుమ్మే ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. ఏళ్ల తర్వాత దగ్గు, ఆయాసం వస్తాయి. ఈ సిలికోసిస్ నయం కాదు, పైగా టీబీ ముప్పు పెంచుతుంది. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది.

• జింకు పూత ఇనుముపై వెల్డింగ్: సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి కాబట్టి మామూలు జ్వరం అనుకుంటారు.

• కార్ల స్ప్రే పెయింటింగ్: హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఆస్తమా తెస్తాయి. ఒకసారి ఒంటికి పడకపోతే, తర్వాత కొంచెం పీల్చినా ఆయాసమే.

• బ్యాటరీ పని: సీసం. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గడం. బట్టలకు అంటుకొని ఇంటికొచ్చే సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

సెలవు రోజు గమనించండి

దగ్గు, కళ్ల మంట, తలనొప్పి సెలవు రోజు తగ్గి, పనికెళ్లగానే మళ్లీ మొదలవుతున్నాయా? పక్కవాళ్లకూ అలాగే ఉందా? అయితే పని చోటునే అనుమానించాలి. సిలికా, సీసం విషయంలో మాత్రం ఈ తేడా తెలియకపోవచ్చు. వాటికి ఎక్స్‌రే, రక్త పరీక్ష అవసరం.

ఇవి మరవొద్దు

• డబ్బా మీద ఎర్ర అంచు డైమండ్ గుర్తు చూడండి. పుర్రె అంటే విషం. ఛాతీపై నక్షత్రం ఉన్న మనిషి బొమ్మ అంటే క్యాన్సర్, ఆస్తమా లాంటి దీర్ఘకాలిక ముప్పు.

• చేతిరుమాలు, దుమ్ము మాస్కు గ్యాసును ఆపవు. పెయింట్ ఆవిరికి తగిన ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి.

• పని బట్టలు మార్చుకొని ఇంటికి రండి, విడిగా ఉతకండి.

• డాక్టర్ అడగకపోయినా ఏం పని, ఎన్నేళ్లుగా, ఏ కెమికల్ వాడుతున్నారో మీరే చెప్పండి. అది తెలియకపోతే మందులు దగ్గుకే పడతాయి, కారణం అలాగే ఉండిపోతుంది.