తేయాకు : పేరు, ఊరు, రుచి

గోదావరీతీరమందలి నాందేడు పట్టణమున ఒక్క పానీయమునకే నాలుగు పేర్లు వినవచ్చును. మరాఠీవారు దానిని చహా యందురు. తెలంగాణపు తెలుగువారు చాయ యందురు. కోస్తా జిల్లాలనుండి వచ్చినవారికి అది టీ. బడిపుస్తకమునకు తేనీరు. ఇందు వింత లేదు. ఈ జిల్లా 1948 వరకు నిజాము ఏలుబడిలోనిది. 1956 నవంబరు 1న జరిగిన రాష్ట్రముల పునర్విభజనలో ముధోలు, భైంసా, కుబేరు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును, కిన్వటు బొంబాయి రాష్ట్రమునకును పోయినవి. సరిహద్దు గీత మారినను మాటలు ఎక్కడివక్కడనే నిలిచినవి.

ఈ నాలుగు పేర్లకును పుట్టిల్లు చీనాదేశమే. అచ్చట విరివిగా వాడుకలోనున్న ‘చా’ యను మాట నేలదారిని పారసీకుల నోటబడి చాయ్ అయినది. ఫుకియను తీరపు ‘తే’ యను మాట డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపాకు పోయి, ఆంగ్లేయుల నోట టీ యైనది. మన తేయాకులోని ‘తే’ ఆ తీరపు మాటయే. తేనెవంటి నీరు గనుక తేనీరనియెడి వ్యుత్పత్తి యొకటి వినబడుచుండును. ఇంపుగానే యున్నది గాని నిజము కాదు. తే యొక్క నీరే తేనీరు.

మాటకు వలెనే ఆకునకును పుట్టినచోటు కలదు. 1823లో రాబర్టు బ్రూసు అస్సామునందు సింఫోతెగ నాయకుడగు బీసా గాము వలన అడవి తేయాకు సంగతి నెరింగెనని చరిత్రకారులు వ్రాయుదురు. దీనిని కనుగొనుట యనుట సరిగాదు. సింఫోలు ఆ ఆకును అంతకుముందే కాచి త్రాగుచుండిరి. 1839 జనవరి 10న అస్సాము తేయాకు 8 పెట్టెలు లండనులో వేలమునకు వచ్చెను. 1841లో డాక్టరు కాంప్‌బెల్ దార్జిలింగునందు విత్తనములు నాటించెను. 1861 డిసెంబరులో కలకత్తాయందు వేలములు మొదలయ్యెను. నీలగిరులయందును ఆ శతాబ్ది నడుమనే తోటలు లేచినవి.

తోటలకు నేల దొరికినంత సులభముగా చేతులు దొరకలేదు. ఛోటానాగపురము మొదలుకొని గంజాము, విశాఖపట్టణము జిల్లాలవరకు దళారులు తిరిగి కూలీలను ఒడంబడికపై అస్సామునకు పంపిరి. 1859 నాటి చట్టము ఒడంబడిక తప్పిన కూలిని నేరస్థునిగా నెంచెను. అది 1926లో గాని తొలగలేదు. 1865 నాటి మరియొక చట్టము, పారిపోయినవానిని వారంటు లేకయే పట్టుకొను అధికారమును తోటదొరలకొసగెను. అట్లు పోయినవారిలో తెలుగువారును కలరు. అస్సాము తేయాకుతోటల జాతులలో ‘తెలెంగా’ యను పేరు నేటికిని నిలిచియున్నది. వారి మాటలో తెలుగెంత మిగిలినదో పరిశోధింపదగిన విషయము. తేయాకు చరిత్ర వ్రాసినవారు తోటదొరల పేర్లను శ్రద్ధతో లెక్కించిరి గాని, ఈ పేరును తడవినవారు మిక్కిలి తక్కువ.

ఇక రుచి. బజారున పాలు, చక్కెర, అల్లము చేర్చి మరిగించు పొడి మిక్కిలిగా సి.టి.సి. రకము. ఆకును పండ్లచక్రముల నడుమ నలిపి, చించి, ఉండలుగా చుట్టు ఈ యంత్రము 1930 ప్రాంతమున అస్సామునందే పుట్టినది. కొంచెము పొడికే చిక్కని రంగు దిగును. కూలిచేసి బ్రతుకువాని కప్పునకు అదియే ఆధారము. కనుక దానిని నిందించుట తగదు. అయితే పలుతోటల ఆకును కలిపి, ఏటేట ఒకే రుచి వచ్చునట్లు కూర్చిన పొడిలో ఏ ఊరి గుణమును వేరుగా తెలియదు. ఊరెరుగవలెనన్నచో ఒకే తోటలో, ఒకే కారున కోసిన విడియాకును పాలులేక త్రాగవలెను.

రుచిపరీక్షకులు తెల్లని పింగాణిగిన్నెలో 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు చొప్పున వేసి 6 నిమిషములుంచుట అంతర్జాతీయ ప్రమాణము. ఇంట త్రాగువారికి 3 నిమిషములు చాలును. పరీక్షకుడు చెంచాతో నీటిని శబ్దమగునట్లు జుర్రును. గాలితో కలిసి వాసన ముక్కు వెనుకభాగమునకు ఎక్కుటకై ఆ జుర్రుట. అతడు ముఖ్యముగా వెదకునది వగరు. ఇచ్చట తెలుగు నాలుకకు చుట్టరికము కలదు. ఉగాదిపచ్చడి తినిన ప్రతిబిడ్డయు షడ్రుచులలో వగరును పేరుపెట్టి యెరుగును. పాలలోని కేసీను అను మాంసకృత్తు ఆ వగరునిచ్చు పదార్థములను బంధించును; అందుచే పాలు పోసినప్పుడు మొదట పోవునది అదియే.

దార్జిలింగు తొలికారు ఆకు ఫిబ్రవరి చివరనుండి వచ్చును. నీరు లేతబంగారు వన్నె, పచ్చిదనము, తేలికైన వగరు. మే, జూను నెలల రెండవకారున పండిన ద్రాక్షవంటి పరిమళము కలుగును. దానికి కారణములలో నొకటి పచ్చదోమ. అది లేతాకును కొరుకగా మొక్క ఆత్మరక్షణకై పుట్టించు ద్రవ్యములే ఆ పరిమళమగును. నాందేడు ప్రత్తిరైతు పచ్చదోమ పేరెత్తినంతనే మందు వెదకును. దాని చుట్టమే దార్జిలింగు ఆకునకు వెల పెంచుచున్నది! అస్సాము రెండవకారు ఆకు ఎర్రగా, చిక్కగా, మొలకెత్తించి వేయించిన ధాన్యపు వాసనతో నుండును. నీలగిరి చలికాలపు ఆకునకు పూలవాసన అధికము.

త్రాగిన పిమ్మట గిన్నె అడుగున మిగిలిన ఆకును పారవేయక వ్రేలితో విప్పి చూడవలెను. మంచి ఆకైనచో అది నీటిలో తిరిగి విచ్చుకొని, రెండాకులు, కొనయందొక మొగ్గ, వానిని తుంచిన చోట చిన్న కాడ కనబడును. పొడిలో ఆ కాడ కానరాదు.