రోగిని కాపాడటానికి వైద్యునికి టీకా

1936లో లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధనాలయంలో ఒక చిన్న సంఘటన జరిగినది. ఛార్లెస్ స్టూవర్ట్-హారిస్ అనే యువ వైద్యుడు ఇన్‌ఫ్లుయెంజా సోకిన ఫెరెట్‌ను పరీక్షిస్తూ ఉండగా అది ఆయన ముఖం మీద తుమ్మినది. (ఫెరెట్ అంటే మన ముంగిసను పోలిన పొడవాటి చిన్న జంతువు.) రెండు రోజులు తిరిగేసరికి ఆ వైద్యునికి జ్వరం, ఒళ్ళు నొప్పులు పట్టుకున్నవి. ఆయన గొంతు కడిగిన నీటిలో వైరస్ దొరికినది. జబ్బును పరీక్షించేవాడే జబ్బుపడి, ఆ జబ్బును ఇంకొకరికి అందించగల స్థితికి వచ్చినాడన్న మాట. ఈనాడు ఆసుపత్రి సిబ్బంది ఏటేటా ఫ్లూ టీకా వేయించుకోవాలా అని జరిగే వాదమంతా ఆ తుమ్ములోనే ఇమిడి ఉన్నది.

అంతకు మూడేళ్ళ ముందు, అంటే 1933లో, అదే పరిశోధనాలయంలో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా అనే ముగ్గురు ఇన్‌ఫ్లుయెంజాకు కారణం ఒక వైరస్ అని రుజువు చేసినారు. అంతవరకూ చాలామంది వైద్యులు 1892లో జర్మనీలో రిచర్డ్ ఫైఫర్ వర్ణించిన ఒక బాక్టీరియానే దోషిగా భావించేవారు. 1918 మహమ్మారి ప్రపంచాన్ని ఊడ్చివేసినప్పుడు, మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయినప్పుడు, ఆ బాక్టీరియాతో తయారైన టీకాలను వేసినారు కూడా. అసలు దొంగను వదలి పక్కింటివానిని పట్టుకున్నట్లు, అవి ఇన్‌ఫ్లుయెంజాను ఆపలేకపోయినవి.

వైరస్ దొరికిన తరువాత పని వేగంగా సాగినది. ఆస్ట్రేలియాలో మక్‌ఫర్లేన్ బర్నెట్ దానిని పొదిగే కోడిగుడ్లలో పెంచే పద్ధతిని అభివృద్ధి చేసినాడు. అమెరికాలో థామస్ ఫ్రాన్సిస్, ఆయన వద్ద పనిచేసిన జోనాస్ సాక్ (తరువాత పోలియో టీకాతో పేరు పొందినాయనే) గుడ్లలో పెరిగిన వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి టీకా తయారు చేసినారు. 1943లో సైనిక శిక్షణలో ఉన్న విద్యార్థులకు వేసి చూడగా, టీకా పొందినవారిలో వ్యాధి సుమారు మూడవ వంతుకు తగ్గినది. 1945లో ఆ టీకాకు సామాన్య ప్రజలలో ఉపయోగించేందుకు అనుమతి వచ్చినది. ఇందులో ఉన్నది చచ్చిన వైరస్ అని పాఠకులు గుర్తుంచుకోవాలి. దీని మాట ముందు మళ్ళీ వస్తుంది.

రెండేళ్ళు గడిచినవో లేదో, 1947లో ఆ టీకా దాదాపు పనికిరాకుండా పోయినది. టీకాలో లోపం లేదు, వైరస్ మారినది. దాని పైపొరలో ఉండే మాంసకృత్తులను గుర్తించి మన శరీరం ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. వైరస్ ఆ పైపొరను కొద్దికొద్దిగా మార్చుకుంటూ ఉంటుంది. నిన్న రాజు వేషంలో వచ్చిన పగటివేషగాడు నేడు ఫకీరు వేషంలో వస్తే చంటిపిల్లలు గుర్తుపట్టలేరు గదా! అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో దేశదేశాల ప్రయోగశాలలను ఒక వలగా కూర్చి, ఏ సంవత్సరం ఏ వేషం తిరుగుతున్నదో కనిపెట్టి ఉండే ఏర్పాటు చేసినది. ఒకసారి వేయించుకుంటే చాలదా అని అడిగేవారికి సమాధానం ఇదే. ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలోను, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులోను ఆ సంస్థ టీకా పాళ్ళను నిర్ణయిస్తున్నది. మన దేశంలో చాలాచోట్ల ఈ జబ్బు వానకాలంలోనే హెచ్చుతుంది కాబట్టి, తొలకరికి ముందే టీకా పడటం మేలు.

1957లో వేషం కాదు, మనిషే మారినంత పని అయినది. ఏప్రిల్‌లో హాంగ్‌కాంగ్ రోగుల వార్తను పత్రికలో చదివిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు మారిస్ హిల్మన్ ఇది కొత్త వైరస్ అని పసికట్టి, నమూనా తెప్పించి, టీకా కంపెనీలను తొందరపెట్టినాడు. గుడ్ల కొరత రాకుండా కోడిపుంజులను కోసివేయవద్దని రైతులకు చెప్పించినాడట. మే నెలలో సింగపూరునుండి మద్రాసు రేవుకు వచ్చిన ఒక ఓడలో ఎందరో ప్రయాణికులు జ్వరంతో ఉన్నారు. కొద్ది వారాలలోనే అది దేశమంతా పాకినది. కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఉన్న ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం దాని జాడలను శ్రద్ధగా నమోదు చేసినది.

అమెరికాలో ఆ ఏడు టీకా అందరికీ చాలదని ముందే తెలుసు. మొదట ఎవరికి? సైన్యానికి, రోగులకు సేవ చేసేవారికి, అత్యవసర పనులలో ఉన్నవారికి అని నిర్ణయించినారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నర్సుకు ముందు వేయాలన్నది ఆమె మంచాన పడితే వార్డు నడవదని. ఆమె వలన రోగికి సోకుతుందన్న భయం అప్పటికి అంత ప్రధానం కాదు. న్యూయార్క్ ఆసుపత్రి ఒకదానిలో గోడల లోపలే వ్యాధి వ్యాపించిన తీరును ఎడ్విన్ కిల్‌బోర్న్ మొదలైనవారు శోధించి 1959లో వివరంగా ప్రచురించినా, ఆ ఆలోచన విధానాలలోకి ఎక్కేసరికి ఇంకా రెండు దశాబ్దాలకు పైగా పట్టినది. 1980ల దశకంలోగాని, ఏటా టీకా వేయించుకోవలసినవారిలో ఆసుపత్రి సిబ్బంది కూడా ఉన్నారని అమెరికా సలహా సంఘం సిఫారసు చేయలేదు.

తాను రోగవాహకుడనన్న మాట వైద్యునికి ఎప్పుడూ రుచించదు. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ చేతులు కడుగుకొమ్మంటేనే పెద్దలు నొచ్చుకున్నారు. పైగా ఫ్లూలో మురికి చేయి కనిపించదు, ఒక్కొక్కప్పుడు జ్వరమూ కనిపించదు. గ్లాస్గో నగరంలో 1993-94 శీతకాలానికి ముందు, తరువాత ఆసుపత్రి ఉద్యోగులు 518 మంది రక్తరసిని పరీక్షించినారు. నూటికి 23 మందికి ఆ కాలంలో ఇన్‌ఫ్లుయెంజా సోకినట్లు తేలినది. వారిలో నూటికి 59 మంది తమకు ఫ్లూ వచ్చిన గుర్తే లేదన్నారు. నూటికి 28 మందికైతే జలుబు చేసిన జ్ఞాపకం కూడా లేదు! "ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెడతాను, టీకా ఎందుకు?" అనే ఉద్యోగికి ఇంతకంటే సూటి జవాబు నాకు కనిపించలేదు.

మరి సిబ్బందికి వేస్తే రోగి బతుకుతాడా? వృద్ధుల శరీరం టీకాకు మందంగా స్పందిస్తుంది కనుక, వారి చుట్టూ ఉన్నవారికి వేయటంలో అర్థం ఉన్నది. దీనిని కూడా గ్లాస్గోలోనే పరీక్షించినారు. 1994-95లో వృద్ధులు దీర్ఘకాలం ఉండే 12 ఆసుపత్రులలో, సిబ్బందికి టీకా వేసినచోట రోగులలో మరణాలు నూటికి 10, వేయనిచోట 17. 1996-97లో 20 ఆసుపత్రులలో చేసిన రెండవ ప్రయోగంలో 13.6, 22.4. అంకెలు చూడగానే ఉత్సాహం కలుగుతుంది. కాని క్రమానుసారం నమూనాలు తీసి చూస్తే, వైరస్ సోకిన రోగుల నిష్పత్తి రెండు తెగలలోనూ ఇంచుమించు సమానంగానే ఉన్నది. మరణాలు తగ్గటానికి టీకా ఒక్కటే కారణమా అన్న సందేహం అక్కడ మొదలైనది. 2017లో కెనడాకు చెందిన గాస్టన్ డి సెర్ బృందం ఈ లెక్కలను తిరగవేసి, ఇన్‌ఫ్లుయెంజా వలన సంభవించగల మరణాలకు మించి లాభం చూపిస్తున్నారని విమర్శించినది. సిబ్బందికి మాత్రం రక్షణ నిజమే. బాల్టిమోర్‌లో మూడు శీతకాలాలు జరిపిన పరిశీలనలో ఆసుపత్రి ఉద్యోగులకు టీకా సుమారు 88 శాతం రక్షణ ఇచ్చినది. వైరస్‌కు టీకాకు పొంతన కుదరని సంవత్సరాలలో ఇది బాగా తగ్గుతుంది.

సాక్ష్యం ఇలా ఉండగా బలవంతం చేయవచ్చునా? సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ వైద్యకేంద్రం 2005లో ఉద్యోగానికి టీకాను షరతుగా పెట్టినది. నూటికి 97 మందికి పైగా వేయించుకున్నారు. నర్సుల సంఘం మధ్యవర్తి వద్దకు వెళ్ళి, వార్డు నర్సులకు మినహాయింపు సాధించినది. కెనడాలోని ఒంటారియోలో "టీకా లేదా ముసుగు" అనే నియమాన్ని 2015లో మధ్యవర్తి అసమంజసమన్నాడు. టీకా సరిపడని ఏడాదిలో టీకా పొందినవారికి కూడా ముసుగు ఉండాలి గదా అన్న నర్సుల ప్రశ్నకు ఆసుపత్రులు సరియైన సమాధానం చెప్పలేకపోయినవి. ఇందులో నర్సుల పక్షాన న్యాయం ఉన్నదనే నేను అనుకుంటాను. అతిశయోక్తితో ఒప్పించినవాడు మరుసటి ఏడు నమ్మకాన్ని పోగొట్టుకుంటాడు. ఇంగ్లండులో బలవంతం లేకుండానే 2018-19లో ముందువరుస సిబ్బందిలో నూటికి 70 మంది వేయించుకున్నారు. కోవిడ్ తరువాత ఆ సంఖ్య సగం లోపునకు దిగజారినది.

మన సంగతికి వస్తే, 2009 మే నెలలో ఆ ఏటి మహమ్మారి ఫ్లూ మన దేశంలో మొదట నిర్ధారణ అయినది హైదరాబాదులోనే. 2010లో టీకా రాగానే ముందుగా వైద్య సిబ్బందికే కేటాయించినారు. తరువాతి ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా వారికి ఏటా వేయాలనే చెబుతున్నవి.

ఈ పాఠం చెప్పినప్పుడు మా తరగతిలో ఒక విద్యార్థిని లేచి, తన అక్క నర్సు అనీ, ఆమెకు ఒకసారి టీకా వలననే ఫ్లూ వచ్చినదనీ అన్నది. చచ్చిన వైరస్ జబ్బు తేలేదనీ, చేయి నొప్పి, ఒకరోజు నలత మామూలేననీ, రక్షణ కుదురుకోవటానికి రెండు వారాలు పడుతుంది కనుక ఆ లోపల వేరే జలుబో, అసలు ఫ్లూయో తగిలి ఉండవచ్చుననీ చెప్పినాను. మరునాడు ఆ పిల్ల అక్క జవాబు పట్టుకొచ్చినది. "మేస్టారు చెప్పింది సరే. కాని మా ఆసుపత్రిలో టీకా వేసేది పగలు పది నుంచి పన్నెండు వరకే. నాకు నెలంతా రాత్రి డ్యూటీ. తెల్లారి ఇంటికెళ్ళి పిల్లలకు క్యారేజీలు కట్టాలా, మళ్ళీ వచ్చి వరుసలో నిలబడాలా?" అని అడగమన్నదట. రాత్రివేళ టీకా పెట్టెను తోపుడు బండి మీద వార్డుకే తీసుకొనిపోయే ఆసుపత్రులు కొన్ని దేశాలలో ఉన్నవని మాత్రం చెప్పగలిగినాను.