వయోజన విద్య: పరికరాలు మారాయి, పద్దు సరిపోయిందా?

పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడానికి, కొంచెం చదువుకున్నవాళ్లకు ఇంగ్లీషు నేర్పడానికి ఇంటర్నెట్‌లో ఏమేం దొరుకుతాయని మిత్రులు తరచు అడుగుతుంటారు. దొరికేవి చాలానే ఉన్నాయి. జాబితా ఇచ్చి ఊరుకోవచ్చు. కానీ హేతువాదులం కనుక ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. "ఈ పరికరం వచ్చింది, ఇక నిరక్షరాస్యత పోయినట్టే" అనే మాట మనకు కొత్త కాదు. టీవీ వచ్చినప్పుడు అన్నారు, కంప్యూటర్ వచ్చినప్పుడు అన్నారు, ఇప్పుడు సెల్‌ఫోన్ గురించి అంటున్నారు. బాబాల మహిమలకు రుజువులు అడిగే మనం ఈ మహిమలకు కూడా రుజువులు అడగాలి కదా! అందుకే ముందు కాస్త చరిత్ర, తర్వాతే జాబితా.

నేను రక్షణశాఖ పద్దుల విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. దినకూలీల మస్టర్ రోళ్లు ఎన్నో చూశాను. సంతకం రానివాళ్లు ఎడమ బొటనవేలి ముద్ర వేస్తారు, పక్కన ఒక సాక్షి సంతకం పెడతాడు. ఆ వేలిముద్ర వేసిన మనిషికి కాగితం మీద ఎంత రాసి ఉందో తెలియదు. సాక్షి చెప్పిందే సత్యం. ఇవాళ రేషన్ షాపులో చదువుకున్నవాళ్లూ మిషన్ మీద వేలు పెడుతున్నారు. తేడా ఎక్కడంటే, మిషన్‌లోంచి వచ్చిన చీటీ చదివి "ఇంత రాశారు, అంత ఇవ్వలేదేం?" అని అడగగలవాడు ఒకడు, అడగలేనివాడు ఇంకొకడు. అక్షరాస్యత అంటే నా దృష్టిలో ఇదే: ఇంకొకరి మాటను నమ్మడం తప్ప వేరే దారిలేని స్థితి నుంచి, స్వయంగా సరిచూసుకోగల స్థితికి రావడం. మన ఉద్యమానికి ఇంతకన్నా దగ్గర విషయం ఏముంటుంది?

ఇప్పుడు చరిత్రలోకి వెళదాం. 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్ అనే చిన్న ఊళ్లో పౌలో ఫ్రేరీ బృందం సుమారు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం నేర్పే ప్రయత్నం చేసింది. అక్షరమాలతో మొదలుపెట్టలేదు. 'ఇటుక' వంటి కూలీల మాట ఒకటి తీసుకుని, దాని గురించి వాళ్లచేత మాట్లాడించి, ఆ మాటను విడగొట్టి ఒక్కో హల్లుకు అచ్చులన్నీ కలిపి చూపించారు. అంటే ఏమిటి? మన గుణింతమే! మనకు ఎప్పటినుంచో ఉన్న పట్టికను వాళ్లు ఒక మాట చుట్టూ, ఒక బతుకు చుట్టూ అల్లారు. మన వీధిబడిలో మాత్రం ముందు అచ్చులన్నీ, తర్వాత హల్లులన్నీ, తర్వాత గుణింతాలన్నీ, ఆపైన ఒత్తులు. పగలంతా పనిచేసి వచ్చిన మనిషి ఒక్క మాట చదవకముందే కొన్ని వందల రూపాలు బట్టీ పట్టాలి. ఎవరు నిలుస్తారు? 1964లో బ్రెజిల్‌లో సైన్యం అధికారంలోకి వచ్చింది, కార్యక్రమం ఆగిపోయింది, ఫ్రేరీ జైలు పాలయ్యాడు. చదువు వచ్చినవాడు ప్రశ్నిస్తాడని పాలకులకు మనకంటే బాగా తెలుసు.

మన దేశంలో పెద్ద పరికరం మొదట వచ్చింది 1975లో. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఉపగ్రహాన్ని మనకు ఏడాదిపాటు ఎరువిచ్చింది. దాన్నే సైట్ ప్రయోగం అన్నారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి, అప్పటి మధ్యప్రదేశ్‌లో భాగమైన మా రాయపూర్ ప్రాంతపు గ్రామాలూ ఉన్నాయి. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. వ్యవసాయం, ఆరోగ్యం గురించి మంచి విషయాలే చెప్పారు. గడువు తీరగానే నాసా ఉపగ్రహాన్ని తీసుకుపోయింది. సాంకేతికంగా గొప్ప ప్రయోగమే, మన శాస్త్రజ్ఞులకు అది పనికివచ్చింది కూడా. కానీ టీవీ ఒకవైపు నుంచే మాట్లాడుతుంది. చూసేవాడికి అర్థమయిందో లేదో దానికి తెలియదు, తప్పు చదివితే దిద్దలేదు. పైగా ఎరువు సొమ్ము ఎప్పుడైనా ఎరువు సొమ్మే.

1988 మే నెలలో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలయింది. మూడు వాచకాలు, సుమారు 200 గంటల చదువు అన్నది దాని పద్ధతి. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్య జిల్లాగా ప్రకటన పొందింది. అదే ఏడాది మన నెల్లూరు జిల్లాలో కూడా ఉద్యమం మొదలయింది. జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, వేలాది వాలంటీర్లు కలిసి రాత్రిబడులు నడిపారు. పరికరాలేమిటి? పలక, లాంతరు, మామూలు కాగితం మీద అచ్చువేసిన వాచకం. అందులో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించిన కథ ఒకటి పాఠంగా ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివారు, చర్చించుకున్నారు, తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. 1992 కల్లా అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారన్నది కూడా మరిచిపోకూడదు.

ఇక్కడ మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. "ఒక్క పాఠం ఒక ఉద్యమాన్ని పుట్టించింది" అని చెప్పుకోవడం ఇంపుగా ఉంటుంది. కానీ సారా వల్ల ఆ ఇళ్లలో అంతకుముందే కడుపుమంట ఉంది. కూలి డబ్బులు దుకాణానికి పోవడం, తన్నులు, చావులు అన్నీ ఉన్నాయి. పాఠం చేసిందేమిటంటే, ఎవరి ఇంట్లో వాళ్లు ఏడ్చే విషయాన్ని పదిమంది కూర్చుని మాట్లాడుకునే విషయంగా మార్చింది. అందుకు రాత్రిబడి ఒక చోటునిచ్చింది. ఇదే నెల్లూరు నేర్పే అసలు పాఠం: బడికి వచ్చినవాళ్ల బతుకు వాచకంలో ఉంది, రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే మనిషి ఉన్నాడు, పక్కన తోటివాళ్లు ఉన్నారు.

పదేళ్ల తర్వాత, 2000లో, కంప్యూటర్ వంతు వచ్చింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థలో ఎఫ్.సి. కోహ్లీ చొరవతో కంప్యూటర్ ఆధారిత అక్షరాస్యతా కార్యక్రమం తయారయింది. దాన్ని మొట్టమొదట ప్రయోగించింది తెలుగులోనే, మెదక్ జిల్లా బీరంగూడలో. కొత్త కంప్యూటర్లు కూడా అక్కర్లేదు, ఆఫీసులు పక్కన పడేసిన పాతవి చాలు. అక్షరమాలతో కాకుండా తెలిసిన మాటలతో, బొమ్మలతో, గొంతుతో పాఠం నడుస్తుంది. 40 గంటలు లేదా కాస్త ఎక్కువ సమయంలో కొన్ని వందల మాటలు చదవగలిగేట్టు చేయడం లక్ష్యం. మాటతో మొదలుపెట్టడం, 40 గంటల లెక్క - రెండూ ఆంజికోస్‌ను గుర్తుకు తెస్తున్నాయి. ఉచ్చారణ చెప్పే పని యంత్రానికి అప్పజెప్పారు కనుక బాగా శిక్షణ పొందిన పంతులు లేకపోయినా బడి నడుస్తుంది. ఇది నిజమైన మేలు.

అయితే పద్దు రాసేటప్పుడు ఏది ఏ ఖాతాలో వేయాలో చూడాలి. అది ప్రధానంగా చదవడం నేర్పే కార్యక్రమం. రాయడం, లెక్కలు వేరే నేర్చుకోవాలి. కనుక అది 40 గంటల్లోనూ, పాత పద్ధతి 200 గంటల్లోనూ ఒకే పని చేశాయన్నట్టు పోల్చడం కుదరదు. పైగా అక్కడ కూడా ఊళ్లో మనుషులను పోగుచేసే వ్యక్తి ఒకరు కావలసిందే.

ఇక మొత్తం లెక్కకు వద్దాం. 2011 జనగణన ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన నిరక్షరాస్యులు 25.76 కోట్లు. వీళ్లలో ఆడవాళ్లే 16.68 కోట్లు. 2009లో మొదలై 2018 మార్చి దాకా నడిచిన సాక్షర భారత్ కింద 7.64 కోట్ల మందికి అక్షరాస్యులుగా సర్టిఫికెట్లు ఇచ్చారు. 2022లో కొత్త పథకం ప్రకటిస్తూ కేంద్ర ప్రభుత్వం "ఇంకా సుమారు 18.12 కోట్ల మంది ఉన్నారు" అంది. పాఠకులు కాగితం తీసుకుని 25.76లోంచి 7.64 తీసేసి చూడండి. సరిగ్గా 18.12 వస్తుంది! అంటే మళ్లీ ఎవర్నీ లెక్కపెట్టలేదు, తీసివేత చేశారు. ఆ మధ్య పోయిన వృద్ధులు, చదువు లేకుండానే 15 ఏళ్లు దాటిన పిల్లలు, సర్టిఫికెట్ పుచ్చుకుని మళ్లీ మరిచిపోయినవాళ్లు - వీళ్లెవరూ ఆ తీసివేతలో లేరు. మా ఆఫీసుల్లో ఎవరైనా గోదాములో సరుకు చూడకుండా పుస్తకంలో తీసివేత చేసి నిల్వ చూపిస్తే ఆడిట్ ఊరుకోదు.

ఆ కొత్త పథకమే 2023 నుంచి ఉల్లాస్ పేరుతో నడుస్తున్నది. అయిదేళ్లలో 5 కోట్ల మంది లక్ష్యం, 1,037.90 కోట్ల రూపాయల అంచనా. అంటే తలకు సుమారు 208 రూపాయలు. పాఠాలు ఫోన్‌లో, నేర్పేవాళ్లు జీతంలేని వాలంటీర్లు. చివర 150 మార్కుల పరీక్ష: చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ఒక్కోదాంట్లో 33 శాతం వస్తే పాసు. 95 శాతం అక్షరాస్యత సాధించిన రాష్ట్రాన్ని సంపూర్ణ అక్షరాస్య రాష్ట్రంగా పరిగణిస్తారు. 2024లో లదాఖ్, 2025లో మిజోరం, గోవా, త్రిపుర అలా ప్రకటించుకున్నాయి. ఈ ప్రయత్నాన్ని నేను ఎగతాళి చేయడం లేదు. అరవై ఏళ్ల మనిషి పరీక్షకు కూర్చోవడం గొప్ప విషయమే. కానీ 33 శాతం వచ్చిన మనిషి ఏడాది తర్వాత రేషన్ చీటీ చదవగలుగుతున్నాడా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు సర్టిఫికెట్‌లో ఉండదు.

ఇప్పుడు మా తిఫ్రా సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం బిలాస్‌పూర్‌కు వచ్చి స్థిరపడుతున్నారు. ఇంట్లో మాట తెలుగు, వీధిలో కాగితమంతా హిందీ. మనవలకు హిందీ, ఇంగ్లీషు వచ్చు, తెలుగు అక్షరం రాదు. అవ్వకు ఏ అక్షరమూ రాదు. మరి ఏ భాషలో నేర్పాలి? జనగణన వాళ్లకు ఏ భాషయినా ఒకటే. ఒకావిడతో నేను తెలుగు వాచకం గురించి మాట్లాడితే ఆవిడ, "నానిప్పుడు అఆలు నేర్సుకుని ఏటి సెయ్యాల బాబూ? బేంకు పుస్తకంలో ఎంతుందో సదవడం నేర్పు, సాలు" అంది. అలాగేనమ్మా అని పాస్‌బుక్కుతోనే మొదలుపెట్టాం. ముందు అంకెలు, తర్వాత తేదీ, తర్వాత జమ, తీసినది, నిల్వ. అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి, అవీ హిందీవే. తెలుగు మీద అభిమానం నాకూ ఉంది. కానీ అభిమానం నాది, అవసరం ఆవిడది.

అందుచేత ఇంటర్నెట్‌లో దొరికేవాటిని వాడేముందు మూడు ప్రశ్నలు వేయమంటాను. నేర్చుకునే మనిషి ఏం చదవాలనుకుంటున్నారు? తప్పు చదివితే పక్కన కూర్చుని దిద్దే మనిషి ఎవరు? వాచకం అయిపోయాక చదవడానికి ఏముంది?

మూడో ప్రశ్నకు తెలుగువాళ్లం పాతకాలంలోనే జవాబు చెప్పాం. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలవల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. చదవరి దగ్గరకే పుస్తకం వెళ్లింది. ఇవాళ ఆ పడవ మన జేబులో ఉంది. 2015లో మొదలైన స్టోరీవీవర్‌లో ప్రథమ్ బుక్స్ వాళ్ల కథలు తెలుగులో, హిందీలో ఉచితంగా ఉన్నాయి, అచ్చు తీసుకోవచ్చు. పిల్లల కథలే అయినా ఒక్కో పేజీకి రెండు మూడు వాక్యాలు కనుక కొత్తగా చదివేవాళ్లకు సరిపోతాయి. సినిమా పాటకు కింద అదే భాషలో అక్షరాలు వేసే పద్ధతిని బ్రిజ్ కొఠారి ప్రచారంలోకి తెచ్చారు, 1999లో గుజరాత్ దూరదర్శన్‌లో మొదలయింది. తెలిసిన పాటను కంటితో వెంబడించడం ఖర్చులేని అభ్యాసం. ఇంగ్లీషుకు బీబీసీ 1943 నుంచి పాఠాలు చెబుతూనే ఉంది, ఇప్పుడు అవి ఇంటర్నెట్‌లో ఉచితం. కానీ వాటికి ముందు ఒక భాషలోనైనా చదవడం రావాలి. అక్షరం రానివారికి నేరుగా ఇంగ్లీషుతో మొదలుపెట్టడం పునాది లేకుండా మేడ కట్టడమే. ఇంకో జాగ్రత్త: 1959 నుంచి నెమ్మది ఇంగ్లీషులో వార్తలు చెప్పిన వాయిస్ ఆఫ్ అమెరికాను నిలిపివేయమని 2025 మార్చిలో అక్కడి ప్రభుత్వమే ఆదేశించింది. ఉపగ్రహం సంగతి గుర్తుంది కదా? కనుక పనికొచ్చిన పాఠాన్ని కాగితం మీదికి దించుకోండి.

మన సంఘాల్లో ప్రతి సభ్యుడూ ఏడాదికి ఒక్క మనిషికి చదువు చెప్పి, ఆర్నెల్ల తర్వాత వెళ్లి, సర్టిఫికెట్ కాదు, రేషన్ చీటీ చదివించి చూస్తే చాలు. అప్పుడు మన పద్దులో ఉండేది తీసివేత చేసిన అంకె కాదు, చూసి రాసుకున్న అంకె.