పత్తిచేలో మిత్రుల లెక్క

మాఘ, ఫాల్గుణ మాసాల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేల గట్ల మీద ధనియాలు పూతకొచ్చినప్పుడు ఒక చిన్న ఈగ వచ్చి పూలపైన గాలిలో కదలకుండా నిలబడుతుంది. ఒంటి మీద పసుపు, నలుపు పట్టీలు చూసి కందిరీగ అనుకుంటారు. దానికి కొండి లేదు, రెక్కలు కూడా రెండే. సిర్ఫిడ్ ఈగ అది. పెద్ద ఈగకు తేనె, పుప్పొడి చాలు. దాని పిల్లపురుగు ఆహారం వేరు. పేనుబంక గుంపుల పక్కనే తల్లి గుడ్లు పెట్టిపోతే, కాళ్లు లేని ఆ పిల్లపురుగు గుంపులోనే పాకుతూ ఒక్కో పేనును పట్టి రసం పీల్చేస్తుంది. ఆకు తిరగేసిన రైతు కంటికి మాత్రం అది ఇంకో పురుగు. చేతిలో మందు డబ్బా ఉంటే చాలు, దాని ఆయుష్షు తీరినట్టే.

ఈ ఈగల కుటుంబం పుస్తకానికెక్కి వందేళ్లు దాటింది. బ్రిటిష్ ఇండియా జంతుజాలం మీద వచ్చిన గ్రంథమాలలో వీటి సంపుటం 1923లో వెలువడింది. రాసిన ఎన్రికో బ్రునెట్టి కలకత్తాలో ఉండేవాడు, వృత్తిరీత్యా సంగీతకారుడు. అంతకుముందు 1914లో మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. ఆర్థిక దృష్టితో రాసిన పుస్తకమని దాని పేరులోనే ఉంది. పంటకు ఏది చేటు, ఏది మేలు అన్నదే ఆనాటి లెక్క. ఆ లెక్కలో చేటు చేసేవాటి పేర్లే ఊళ్లోకి నడిచి వచ్చాయి. మేలు చేసేవి గ్రంథాలయంలోనే ఉండిపోయాయి.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. జొన్న, వరిగ, కంది పండిన మెట్ట ఊళ్లలోకి ఆ తర్వాతి ఏళ్లలో పత్తి వేగంగా పాకింది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులొచ్చాయి. కొట్టిన మర్నాడే పురుగు రాలిపోయేది. రైతులు వాటిని నమ్మారు, నమ్మకపోవడానికి అప్పటికి కారణమూ లేదు. కానీ పురుగుతో పాటు దాన్ని తినే అక్షింతల పురుగు, సాలీడు, సిర్ఫిడ్ పిల్లపురుగు కూడా రాలాయి. అవి ఎన్ని పోయాయో లెక్కపెట్టినవారు లేరు.

1980ల నడుమ తెల్లదోమ విరుచుకుపడింది. దాన్ని తట్టుకునే ఎల్.కె. 861 రకాన్ని, అదే కాంచనను, గుంటూరు పక్కనున్న లాం వ్యవసాయ పరిశోధన ఫారం ఇచ్చింది. ఇంతలో 1987-88లో శనగపచ్చ పురుగు వచ్చి పడింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకెళ్లిన పురుగుల మీద శాస్త్రవేత్త మెకాఫ్రీ బృందం పరీక్షలు చేసి, అవి పైరిథ్రాయిడ్లకు నిరోధకత తెచ్చుకున్నాయని 1989లో ప్రకటించింది. ఆ కబురు వచ్చేసరికే అప్పుల్లో మునిగిన పత్తి రైతులు ఈ జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్నారు. కొందరు తాగింది చేలో కొట్టాల్సిన ఆ మందే. ఈ విషాదానికి ధర, అప్పు, వాతావరణం అన్నీ కారణాలే. మిత్ర పురుగులు లేకుండా పోవడం కూడా ఒక కారణమని మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నష్టాల చిట్టాలో దాన్ని ఎవరూ రాయలేదు.

లెక్క రాసే పని చివరికి రైతు చేతికే వచ్చింది. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైన క్షేత్ర పాఠశాల పద్ధతి, ఆహార వ్యవసాయ సంస్థ, యూరోపియన్ యూనియన్ కలిసి 1999 నుంచి 2004 దాకా ఆసియా పత్తి రైతుల కోసం నడిపిన కార్యక్రమం ద్వారా ఆంధ్రప్రదేశ్ పత్తి చేలకు చేరింది. తెలుగులో ఇదే పొలంబడి. వారానికోసారి పొద్దున్నే చేలోకి దిగి, కొన్ని మొక్కలను ఆకు ఆకూ తిరగేసి, గట్టు మీద కూర్చుని చార్టు గీస్తారు. నడుమ మొక్క బొమ్మ, ఒక పక్క శత్రు పురుగులు, మరో పక్క మిత్రులు, వాటి అంకెలు. పేనుబంకను, అక్షింతల పురుగును ఒకే సీసాలో వేసి ఏది దేన్ని తింటుందో కళ్లారా చూస్తారు. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.

ఈ జిల్లాల కీటక ప్రపంచానికి ఈ చార్టులకన్నా విలువైన దస్తావేజు లేదు. నెల, పైరు వయసు, వాన, పురుగు, దాన్ని తినే పురుగు అన్నీ ఒకే కాగితం మీదున్నాయి. అవి పంట చివర పారేసే కాగితాలు కాకూడదు. మండలానికొక చోటయినా పదిలపరిస్తే ఏ ఈగ ఏ నెలలో ఏ ఊళ్లో తగ్గిపోయిందో రాబోయే తరాలు చదువుకోగలవు.

పట్టించుకోని నమోదుకు ఎంత ఖరీదు కట్టాలో మిరప చెప్పింది. నల్ల తామర పురుగు మన దేశంలో ఉన్నట్టు 2015లో బెంగళూరు బొప్పాయి మీద నమోదైంది. 2021 చివర్లో అదే పురుగు గుంటూరు, ప్రకాశం మిరప తోటల్లో పూలలో గుంపులుగా చేరి పూతనంతా రాల్చింది. చాలామంది తోటలు దున్నేశారు. ఇప్పుడు సాళ్ల మధ్య నీలిరంగు జిగురు అట్టలు వేలాడుతున్నాయి, చేను చుట్టూ జొన్న, మొక్కజొన్న వరుసలు లేస్తున్నాయి. అట్టకు అంటిన వాటిలో తామర పురుగులెన్ని, మిత్రులెన్ని అని విడదీసి లెక్క రాయడానికి ఒక భూతద్దం, ఒక నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది.