అరవై ఒకటో ఏటా ఆడిన నాయుడుగారు

58 ఏళ్లకు పదవీ విరమణ చేసి, ఇక మన పని అయిపోయిందని దిగులుపడ్డ నాకు ధైర్యమిచ్చింది సి.కె. నాయుడుగారి చరిత్ర.

నాగపూరులో తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన ఆయనకు బంతిని బాదే బలం పుట్టుకతోనే అబ్బింది. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకు కెప్టెన్ ఆయనే. అయితే పుట్టుకతో వచ్చిన బలం ఒక్కటే ఎంతకాలం నిలుస్తుంది? దానిని ఆయన క్రమశిక్షణతో నిలుపుకున్నారు. 61వ ఏట, 1956-57లో, ఉత్తరప్రదేశ్ తరఫున తన చివరి రంజీ మ్యాచ్‌లో 52 పరుగులు చేశారు.

అది చదివి, అటకమీది షటిల్ బ్యాటు దింపాను. "ఈ వయసులో ఆటలేమిటండీ?" అంది మా ఆవిడ. నాయుడుగారి వయసు చెప్పాను. మరి మాట్లాడలేదు.