ఒక్క వరుస కొటేషన్‌కు వ్యాఖ్యానం

పాప ఇంజినీరింగ్‌లో చేరిందనో, ఊళ్లో డీటీపీ సెంటర్ పెట్టాలనో అసెంబుల్డ్ డెస్క్‌టాప్ కోసం దుకాణానికి వెళ్లి, బడ్జెట్ తక్కువని చెబితే చేతికి వచ్చే కొటేషన్ తరచూ ఒక్క వరుసలో ముగుస్తుంది. దాని నమూనా ఇది.

మూలం: ఐ5 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 8 జీబీ ర్యామ్, 256 ఎస్ఎస్‌డీ, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్స్ ఎస్ఎంపీఎస్‌తో కేబినెట్, 1 ఇయర్ వారంటీ.

మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. పై మూలానికి రెండో నియమం ఒక్కటే సరిపోతుంది. ఇందులో రాసిన మాటల కంటే రాయకుండా వదిలేసిన మాటల దగ్గరే కొనేవాళ్ల డబ్బు ఎక్కువగా పోతోంది. అందుకే ప్రతి పదానికీ అర్థం చెప్పాక, దాని పక్కన ఇంకే మాట రాయించుకోవాలో కూడా చెబుతాను.

ఐ5 ప్రాసెసర్

ఇంటెల్ 2009లో మొదలుపెట్టిన ఒక వంశానికి ఐ5 ఇంటిపేరు. ఇంటిపేరు ఒక్కటే చెబితే తాత ఎవరో మనవడు ఎవరో తెలియదు. 2011 నాటి ఐ5-2400 ఇచ్చినా, 2022 నాటి ఐ5-12400 ఇచ్చినా కొటేషన్‌లో రాసిన మాట అబద్ధం కాదు. మొదటిదానికి 4 కోర్లు, 4 థ్రెడ్లు. రెండోదానికి 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఒక్కో కోర్ వేగం కూడా చాలా ఎక్కువ. పన్నెండో తరంలో చిన్నదైన ఐ3-12100 సైతం ఆ పాత ఐ5ని సులువుగా దాటిపోతుంది. ఐ3 కంటే ఐ5 గొప్పదనే నమ్మకం ఒకే తరంలో పోల్చినప్పుడే నిలుస్తుంది.

అంకెలు చదవడం కష్టమేమీ కాదు. 12400లో మొదటి 12 తరం, మిగిలిన 400 ఆ తరంలో దాని స్థాయి. రెండో తరం నుంచి తొమ్మిదో తరం వరకు నాలుగంకెలే ఉండేవి కాబట్టి 2400 అంటే రెండో తరం, 8400 అంటే ఎనిమిదో తరం. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. అలాంటి ప్రాసెసర్‌కు విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. ఏఎండీలో రైజెన్ 5 5600జి అంటే చివరి జి గ్రాఫిక్స్‌కు గుర్తు. అదే 5600 అని మాత్రమే ఉంటే గ్రాఫిక్స్ ఉండదు.

తరానికి ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి వేగం ఒక్కటే కారణం కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. రెండో తరం, మూడో తరం ఐ5 కొన్నవాళ్లు కొత్త కంప్యూటర్‌ను మొదటి రోజు నుంచే పాత విండోస్‌తో వాడాల్సి వస్తుంది. పూర్తిగా లినక్స్ మీద పనిచేసుకునేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

మరి ఏది రాయించుకోవాలి? విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత ఇప్పుడు లేక, పిల్లలు కాస్త గేములు కూడా ఆడతారంటే 5600జి. ట్యాలీ, ఆన్‌లైన్ దరఖాస్తులు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్ పని వరకే అయితే ఐ3-12100 ఎక్కువే గానీ తక్కువ కాదు. యూట్యూబ్ కోసం వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు ఐ5-12400 తీసుకోవాలి. కొంచెం చవకని 12400ఎఫ్ వైపు మొగ్గవద్దు. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ వీడియోను విప్పడంలో, మళ్లీ కుదించడంలో ఎంతో సాయం చేస్తుంది. ఎఫ్ తీసుకుంటే ఆ సాయం పోతుంది.

హెచ్61 బోర్డు

హెచ్61 ఇంటెల్ 2011లో తెచ్చిన చిప్‌సెట్. పన్నెండో తరం కోసం 2022లో వచ్చినదాని పేరు హెచ్610. చివర ఒక్క సున్నా తేడా, మధ్యలో 11 ఏళ్లు. తొందరగా రాసిన కాగితం మీద ఈ సున్నా ఉందో లేదో కళ్లు పెట్టి చూడండి.

హెచ్61 బోర్డు మీద ర్యామ్ డీడీఆర్3. ఎస్ఎస్‌డీ పెట్టే సాటా పోర్టుల వేగం సెకనుకు 3 గిగాబిట్లు, అంటే నేటి సాధారణ సాటా ఎస్ఎస్‌డీ తన వేగంలో సగం దగ్గరే ఆగిపోతుంది. ఈ చిప్‌సెట్ ఎన్‌వీఎంఈ అనే వేగమైన ఎస్ఎస్‌డీల రోజుల కంటే ముందుది. కొత్త అట్టపెట్టెలో వచ్చినంత మాత్రాన బోర్డు కొత్తది కాదు. పాత చిప్‌సెట్లతో, ఊరూ పేరూ లేని సంస్థలు కూర్చిన బోర్డులు కొత్తవనే పేరుతో ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

బోర్డు ఎంచుకోవడమంటే ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఎంచుకోవడం. ఏఎం4లో రైజెన్ 5000 సిరీస్ వరకు సరిపోతాయి. 2016 నుంచి నడుస్తున్న సాకెట్ ఇది, చవక, నమ్మకం. కానీ దారి చివరికి వచ్చేసింది. ఇంటెల్ ఎల్‌జీఏ1700లో పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాలు కూర్చుంటాయి. ఇప్పుడు ఐ3 పెట్టి, నాలుగేళ్ల తర్వాత పాతది దొరికితే ఐ5 వేసుకోవచ్చు. ఏఎం5 2022లో వచ్చింది. డీడీఆర్5 ర్యామే పడుతుంది కాబట్టి మొదటి ఖర్చు ఎక్కువ, ముందు ముందు ప్రాసెసర్ మార్చుకునే వీలూ ఎక్కువే. బడ్జెట్ గట్టిగా బిగిసి ఉన్నవాళ్లకు మొదటి రెండింటిలో ఒకటే నా సలహా. 65 వాట్ల ప్రాసెసర్‌కు ఖరీదైన బోర్డు అక్కర్లేదు. ఏ520, బీ550, హెచ్610లలో పేరున్న కంపెనీది ఏదైనా చాలు. పాత బీ450 బోర్డు అయితే బయోస్ అప్‌డేట్ చేసి ఉందా, 5000 సిరీస్ ప్రాసెసర్‌ను గుర్తుపడుతుందా అని దుకాణంలోనే ఆన్ చేయించి చూడాలి.

8 జీబీ ర్యామ్

ఇక్కడ మూడు మాటలు తక్కువ: ఏ డీడీఆర్, ఎంత వేగం, ఎన్ని స్టిక్కులు. మూడోదే అందరూ మరిచేది. ఒక్క 8 జీబీ స్టిక్ పెడితే ప్రాసెసర్ ఒకే చానెల్‌లో మాట్లాడుతుంది. డీడీఆర్4 3200 అయితే సెకనుకు 25.6 జీబీ. రెండు స్టిక్కులు పెడితే రెండు చానెళ్లు కలిసి 51.2 జీబీ. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుకే 5600జి పెట్టి ఒకే స్టిక్‌తో సరిపెట్టుకుంటే దాని గ్రాఫిక్స్ కోసం ఇచ్చిన డబ్బులో చాలా భాగం వృథా. ఇంత మొత్తం పెడుతున్నప్పుడు ర్యామ్ దగ్గర పొదుపు చేసి ప్రాసెసర్‌ను సగం పనిలో నిలబెట్టడం నాకు బాధగా అనిపిస్తుంది.

ఆండ్రాయిడ్ స్టూడియో, క్యాడ్, వీడియో పనులకు 16 జీబీ కావాలి. కాబట్టి కాగితం మీద 8 గుణించి 2, డీడీఆర్4, 3200 అని రాయించండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మెమరీ తయారీ సంస్థలు ఏఐ సర్వర్ల వైపు తిరగడమే ప్రధాన కారణం. రెండు స్టిక్కులకు ఇప్పుడు చేయి చాలకపోతే ఒకటి కొనుక్కోండి, కానీ రెండో స్లాట్ ఖాళీగా ఉండే బోర్డే తీసుకోండి. తర్వాత అదే కంపెనీ, అదే వేగం ఉన్న స్టిక్ జత చేసుకోవచ్చు.

బిగించాక ఒక పరీక్ష ఉంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర వేగం, వాడిన స్లాట్లు కనిపిస్తాయి. 3200 ర్యామ్ 2133 లేదా 2400 అని చూపిస్తుంటే బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. పక్కపక్కనే పెట్టేస్తే రెండో చానెల్ పనిచేయదు.

256 ఎస్ఎస్‌డీ

256 అని కొన్నది విండోస్‌లో 238 జీబీగా కనిపిస్తుంది. ఇది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా. అసలు అడగాల్సింది సాటానా, ఎన్‌వీఎంఈనా అని. సాటా సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, మూడో తరం పీసీఐఈ మీద నడిచే ఎన్‌వీఎంఈ 3500 ఎంబీ వరకు వెళ్తుంది. ఎం.2 అనే మాట ఆకారాన్ని మాత్రమే చెబుతుంది, ఎం.2 రూపంలో సాటా ఎస్ఎస్‌డీలూ ఉన్నాయి. 500 జీబీ ఎన్‌వీఎంఈ, వీలైతే టీఎల్‌సీ రకం రాయించండి. క్యూఎల్‌సీ అనే మరో రకంలో ఒక్కో గడిలో ఎక్కువ బిట్లు కుక్కుతారు కాబట్టి పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు నెమ్మదిస్తుంది. పెళ్లి వీడియోల వంటివి దాచుకోవడానికి హార్డ్ డిస్క్ తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, విండోస్ మాత్రం దాని మీద వేయవద్దు.

2 జీబీ గ్రాఫిక్స్ కార్డు

చవక కొటేషన్లలో ఈ మాట వెనుక తరచూ ఉండేది జీటీ 710, లేదా దాని అన్న జీటీ 730. డీడీఆర్3 రకం జీటీ 710 మెమరీ వేగం సెకనుకు 14.4 జీబీ. పైన చెప్పిన రెండు ర్యామ్ స్టిక్కుల వేగంతో పోల్చి చూడండి. 5600జి లోపలి గ్రాఫిక్స్ ఈ కార్డు కంటే ఎంతో ముందుంటుంది. 2 జీబీ అనే అంకె కొనేవారిని సంతోషపెట్టడానికి తప్ప గేములకు, ఎడిటింగ్‌కు పనికిరాదు. ఈ పదాన్ని కాగితం మీద నుంచి కొట్టేయించి ఆ డబ్బు ర్యామ్‌కు మళ్లించండి. నిజంగా గేములే ముఖ్యమైతే 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 స్థాయి కార్డు వరకు ఆగండి. దానికి ముందు మెట్టు ఎక్కడం దండగ.

450 వాట్స్ ఎస్ఎంపీఎస్‌తో కేబినెట్

మూలంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట ఇదే. మిగతా భాగాలు నాసిరకమైతే కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తుంది. వాటికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ నాసిరకమైతే బోర్డు, ఎస్ఎస్‌డీ, కార్డు అన్నిటినీ వెంట తీసుకుపోగలదు.

కేబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని వదిలేసి పక్కనున్న చిన్న పట్టిక చదవండి. నేటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు దాదాపు మొత్తం కరెంటును 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి. ఆ గడిలో 14 ఆంపియర్లు అని ఉంటే 12 గుణించి 14, అంటే 168 వాట్లు. మీకు నిజంగా అందేది అంతే. మంచి 450 వాట్ల యూనిట్‌లో అదే గడిలో 35 ఆంపియర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఈ గుణకారం దుకాణంలో నిలబడి అర నిమిషంలో చేసుకోవచ్చు.

80 ప్లస్ గుర్తు 2004లో మొదలైంది. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం లోపలికి అందిస్తుందో అది చెబుతుంది. బ్రాంజ్ అయితే సగం లోడు దగ్గర కనీసం 85 శాతం. కానీ ఆ గుర్తు వోల్టేజీ హెచ్చుతగ్గుల నుంచి, షార్ట్ సర్క్యూట్ నుంచి రక్షణ ఉందని హామీ ఇవ్వదు. అందుకే ఓవీపీ, ఓసీపీ, ఎస్‌సీపీ వంటి రక్షణల పేర్లు పెట్టె మీద ఉన్నాయో లేదో విడిగా చూడాలి. కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిసే మన ఊళ్లలో ఇది విలాసం కాదు.

అలాగని 650 వాట్లు అంటగడితే తలూపవద్దు. కార్డు లేని 5600జి కంప్యూటర్ మొత్తం పూర్తి పని మీద కూడా 150 వాట్ల లోపే ఉంటుంది. ఆర్‌ఎక్స్ 6600 దానికి 132 వాట్లు కలుపుతుంది. నిఖార్సైన 450 వాట్లు రెండు సందర్భాలకూ సరిపోతాయి. యూపీఎస్ లెక్కా ఇలాగే చూడండి: 600 వీఏ అని ఉన్న మామూలు యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే.

కాబట్టి కాగితం మీద ఎస్ఎంపీఎస్‌ను కేబినెట్ నుంచి వేరు చేసి, కంపెనీ, మోడల్‌తో సొంత వరుసలో రాయించండి. కేబినెట్‌కు అద్దాలు, రంగు దీపాలు వద్దు. ముందు వైపు జాలీ ఉండాలి, గాలి లోపలికి లాగే 120 ఎంఎం ఫ్యాను ఒకటైనా ఉండాలి. రామగుండం ఎండల్లో గది గాలే వేడిగా ఉంటుంది, ముందు గాజుపలకతో మూసేస్తే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. జాలీలోంచి దుమ్ము వస్తుంది నిజమే, నెలకోసారి బ్రష్‌తో దులిపితే చాలు.

1 ఇయర్ వారంటీ

ఎవరి వారంటీ? ఇది దుకాణదారు ఇచ్చే మాట అయితే, కంపెనీ ఇచ్చేది దీనికంటే ఎక్కువ. పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కు సాధారణంగా 3 ఏళ్లు, పేరున్న బోర్డులకూ దాదాపు అంతే, ఎస్ఎస్‌డీలకు 3 లేదా 5 ఏళ్లు. పెట్టె లేకుండా ట్రే ప్రాసెసర్ అని చవకగా ఇస్తే కూలర్ రాదు, కంపెనీ వారంటీ కూడా చాలాసార్లు ఉండదు. అన్నిటికీ కలిపి ఒక్క ఏడాది అని రాశారంటే లోపల అలాంటి భాగాలు ఉన్నాయేమోనని అడగాలి.

బిల్లు వద్దనుకుంటే 18 శాతం జీఎస్టీ తగ్గుతుందని చెబుతారు. ఆ డబ్బు మిగిలినట్టే ఉంటుంది గానీ, రెండో ఏడు బోర్డు పోయినప్పుడు సర్వీస్ సెంటర్‌లో చూపించడానికి చేతిలో కాగితం ఉండదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా కొన్నట్టు రుజువు ఉండదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలాగా దుకాణాలు పక్కపక్కనే ఉన్నచోట కొనేవాళ్లకు ఒక వీలుంది. మోడల్ నంబర్లతో పూర్తిగా రాసిన ఒకే కాగితాన్ని నాలుగైదు చోట్ల చూపించి ధర అడగవచ్చు. మోడల్ నంబర్లు లేని కొటేషన్లను పోల్చడం కుదరదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ప్రతి భాగానికీ కంపెనీ, మోడల్ రాయించుకోండి. డెలివరీ రోజున ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్‌ల సీరియల్ నంబర్లు జీఎస్టీ బిల్లు మీద ఎక్కించి, ఖాళీ పెట్టెలన్నీ అడిగి ఇంటికి తెచ్చుకోండి.